దారానికి వోచరు ఉందా?

కిందటేడు పళ్ళ డాక్టరు నా చిగుళ్ళు చూసి, ఒక దవడ పన్ను కదులుతోందనీ, రోజూ రాత్రి పళ్ళ సందుల్లో ఫ్లాస్ దారం వాడాలనీ చెప్పాడు. ఇంటికొచ్చి అందరికీ ఆర్డరు వేశాను. గోడ మీద కేలెండరు, ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెన్సిలు, దారం వాడిన రోజు టిక్కు. రక్షణ లెక్కల శాఖలో రిటైరైనవాడికి అంతకంటే ఏం తోస్తుంది!

వారం తిరక్కుండా మా ఆవిడ అడిగింది: "ఏమండీ, తాయెత్తుకి రుజువు చూపించమంటారు కదా, మరి ఈ దారానికి రుజువేదీ?"

న్యాయమైన ప్రశ్నే. మాది జంషెడ్‌పూర్. నాన్నగారు శ్రీకాకుళం నుంచి ఉక్కు కార్ఖానాలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. చిన్నప్పుడు మాకు వేపపుల్ల, లేదా సంతలో ఆదివాసీ స్త్రీలు కట్టలు కట్టి అమ్మే సాల్ పుల్ల. పన్ను నొప్పెడితే "పురుగు పడింది" అని మా నాయనమ్మ వాకుడు గింజల పొగ పట్టించేది.

ఈ పురుగు మన పల్లెల్లోనే పుట్టలేదు. బాబిలోనియా మట్టిపలకల మీద కూడా ఉంది. యూరపులో ఖురాసానీ వాము గింజల పొగ పట్టించి, వేడికి గింజల్లోంచి బయటపడ్డ తెల్లటి మొలకల్నే పురుగులని చూపించేవారు. 1683లో లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, కదిలే జీవుల్ని చూశాడు. 1728లో ఫ్రెంచి వైద్యుడు పియెర్ ఫొషార్, తాను వెతికినా పంటిపురుగు కనబడలేదని రాశాడు. పాచిలోని సూక్ష్మజీవులు తీపిని, పిండిపదార్థాన్ని ఆమ్లంగా మారిస్తే పన్ను పుచ్చుతుందని 1890లో మిల్లర్ వివరించాడు.

దారం కథ అమెరికాది. న్యూ ఆర్లీన్స్ దంతవైద్యుడు లెవీ స్పియర్ పార్మ్‌లీ 1819 నాటి తన పుస్తకంలో మైనం పూసిన పట్టుదారం వాడమన్నాడు. 1882లో కాడ్‌మన్ అండ్ షర్ట్‌లెఫ్ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పట్టు పోయి నైలాన్ వచ్చింది.

మరి రుజువు? 1979 నుంచీ ఫ్లాస్ వాడమంటూ వచ్చిన అమెరికా ప్రభుత్వం, తర్వాత తన ఆహార మార్గదర్శకాల్లోంచి ఆ మాట తీసేసింది. 2016 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆ సంగతి బయటపెట్టి, ఆధారాలు చాలా బలహీనమంది. 35 ప్రయోగాలు పరిశీలించిన 2019 కోక్రేన్ సమీక్ష, బ్రష్‌తోపాటు ఫ్లాస్ వాడితే చిగుళ్ళ వాపు కొంత తగ్గవచ్చనీ, సందుల్లో పెట్టే చిన్న బ్రష్షులు ఇంకా మేలు కావచ్చనీ, ఆధారాల మీద నమ్మకం మాత్రం తక్కువేననీ తేల్చింది.

అంటే తాయెత్తూ దారమూ ఒకటేనా? కాదు. వోచరు లేకపోతే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తాం. ఖర్చే జరగలేదని రాయం. పైగా పాచి తీస్తే చిగుళ్ళకు మేలు జరగడానికి కారణం కనబడుతోంది. తాయెత్తుకి ఆ కారణం కూడా లేదు.

2006లో వచ్చిన ఇంకో సమీక్ష నన్ను ఆలోచింపజేసింది. బడి ఉన్న ప్రతిరోజూ శిక్షణ పొందినవారు పిల్లల పళ్ళకి దారం వాడితే, సుమారు 20 నెలల్లో సందుల్లో పుచ్చే ప్రమాదం 40 శాతం తగ్గింది. ఎదిగిన పిల్లలు తమంతట తాము వాడుకున్న ప్రయోగాల్లో మాత్రం తేడా కనబడలేదు. లోపం దారంలోనా, చేతిలోనా?

జవాబు మా గోడ మీదే దొరికింది. ఓ బుధవారం చూస్తే మా మనవరాలి టిక్కులు ఆదివారం దాకా ఉన్నాయి. అడిగితే, "అడ్వాన్సు ఎంట్రీ తాతయ్యా!" అంది. నవ్వాను గానీ, మందలించడానికి నోరు రాలేదు. ఆ నెల నా గళ్ళలో కూడా నాలుగు బోగస్ టిక్కులున్నాయి మరి. ముప్పై ఏళ్ళు ఇతరుల లెక్కలు తనిఖీ చేసినవాణ్ణి! ఇలాంటి టిక్కులు పోగేసి ప్రయోగం చేస్తే ఫలితం ఎలా ఉంటుంది?

కేలెండరు తీసేశాం. ఇప్పుడు రాత్రిపూట మా ఆవిడ వాష్‌బేసిన్ పక్కన నిలబడి అందరినీ కనిపెడుతుంది. నాకు డాక్టరు చిన్న బ్రష్షులు కూడా ఇచ్చాడు. కదిలే పన్ను మాత్రం నిలవలేదు, మొన్న తీయించేశాను. దారం ముందునుంచీ వాడి ఉంటే నిలిచేదా? నిలిచేదని రుజువు చెయ్యలేను. అయినా మిగతా పళ్ళ సంగతిలో ఇంకా గట్టి రుజువు వచ్చేదాకా ఆగదలుచుకోలేదు.