వేట అడవీ, నేరేడు గింజా

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వైపు పోతుంటే నేడు మీకు కనబడేవి మెట్రో స్తంభాలూ, దుకాణాలూను. "ఇక్కడ వ్యవసాయం మాటేమిటి?" అంటారేమో. ఆ దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు దిల్‌సుఖ్ రాం పర్షాద్ గారి పొలమే సుమండీ! పొలం పోయి పేరు మిగిలింది.

ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రోడ్డు పట్టి వనస్థలిపురం చేరితే మాత్రం కొంత నేల, నేలగానే మిగిలి ఉన్నది. అది నిజాం ప్రభువులు కృష్ణజింకల వేటకై అట్టిపెట్టుకున్న అడవి. తుపాకీ కోసం దాచిన చోటు చివరకు జింకకే ఆశ్రయమైనది, చూడండి! మహావీరుని 2500వ నిర్వాణోత్సవాల జ్ఞాపకంగా 1975లో దానికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానవనమైనది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు.

అడవిలో చెట్టు తన పిల్లను తానే పెంచుకుంటుంది. పండు పండుతుంది, పిట్ట తింటుంది, గింజ రాలుతుంది, వాన పడుతుంది. రోడ్డు పక్క వేపకు ఆ యోగం లేదు. దాని గింజ తారు మీద పడి లారీ చక్రం కింద నలుగుతుంది. కనుక పిట్ట పని మనమే చేయాలి.

1950 జూలైలో కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం.మున్షీ గారు వనమహోత్సవం ప్రారంభించారు. జూలై ఎందుకంటే, వానల నెల. వేప, నేరేడు పండి రాలేదీ ఆ రోజుల్లోనే. మనవాళ్లేమో గింజ ఏరి, ఎండబెట్టి, డబ్బాలో పోసి మరుసటి ఏడాదికి దాస్తారు, వడ్లగింజ అనుకొని కాబోలు! వడ్లు ఎండితే నిలువ ఉంటాయి. నేరేడు గింజ ఎండితే చస్తుంది. వేప గింజకు రెండు మూడు వారాలే ఆయువు. కానుగ మాత్రం ఓపికగలది, నెలల తరబడి ఆగుతుంది. వేపా, కానుగా వేసవి ముందు కాస్త ఆకు రాల్చినా బోడిగా ఉండేది కొద్దిరోజులే. నేరేడూ, పొగడా అయితే ఏడాది పొడుగునా పచ్చనే.

2015లో తెలంగాణ హరితహారానికి 230 కోట్ల మొక్కలు లక్ష్యమన్నారు. అంత పెద్ద లెక్కైనా మొదలయ్యేది గింజ దగ్గరే. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వాసి వనజీవి రామయ్య గారు ఏ లెక్కా అడగలేదు. గింజలు ఏరి, సైకిలు మీద తిరిగి, ఖాళీ జాగా కనబడితే నాటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కాలం చేశారు.

మీకు సైకిలు కూడా అక్కరలేదు. బండి మీద నేరేడు పళ్లు కొని తిన్నారా? గింజ పారేయకండి. గుజ్జు కడిగి, తడి ఆరకముందే, మట్టీ ఎరువూ కలిపిన సంచిలో అంగుళం లోతుకు మించకుండా పెట్టండి. వేప గింజనూ గుజ్జు తీసి, నీడన ఆరనిచ్చి, ఆ వారంలోనే నాటండి. నీరు నిలవనీయకండి, కుళ్లుతుంది. ఒక్క నేరేడు గింజకు రెండు మూడు మొలకలు లేస్తే కంగారు పడవద్దు, దాని స్వభావమే అది. బలమైనదాన్ని ఉంచి, తక్కినవాటిని వేరే సంచిలోకి మార్చండి.