రెండు యంత్రములు, ఒక్క జత చేతులు



కాజీపేట నుండి బెజవాడకు పోవు రైలుదారిలో మా కేసముద్రము ఒక స్టేషను. నైజాము రైల్వే వారు ఆ దారిని 1889లో బెజవాడకు చేర్చిరి. ధాన్యము, మక్కజొన్న, పసుపు వచ్చి దిగు మార్కెటు మా యూరికి ఆధారము. రైతు యేడాది కష్టము అచ్చట కాంటా మీది కొన్ని అంకెలగును. ఆ అంకెలను వ్రాయువాడు ఒళ్లు దగ్గఱ పెట్టుకొని వ్రాయవలెను.

నేను కొంతకాలము ఒక వర్తకుని కొట్టున లెక్కలు వ్రాసితిని. అచ్చట కంప్యూటర్లు రెండు: పాతదానిలో ఖాతాలు, కొత్తదానిలో నాటి కొనుగోళ్లు. బల్ల చిన్నదగుటచే రెంటికిని కలిపి కీబోర్డొకటి, మౌసొకటి, మానిటరొకటి. నడుమ అరచేత నిముడు పెట్టె. దానిపై నొక మీట. మీట నొక్కిన ఒక యంత్రము, మఱల నొక్కిన రెండవది చేతికి వచ్చును.

ఒక సాయంకాలము కరెంటు పోయి వచ్చినది. కరెంటు వచ్చినప్పుడెల్ల మొదటి యంత్రమునే పట్టుకొనుట ఆ పెట్టె గుణము. నేనది గమనింపక, కొత్త యంత్రము నెదుటనే యున్నాననుకొని, ఒక రైతు పసుపు తూకమును పాతదానిలో మఱియొకరి ఖాతాలో వ్రాసితిని. చీకటి పడువఱకు గోనెలపై కూర్చున్న ఆ రైతు లోనికి వచ్చి, “సారూ, నా పసుపు యాడికి వొయింది?” అని యడిగెను. కాంటా చీటీ దొరకుటచే తప్పు దిద్దితిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఇట్టి పెట్టె యేల పుట్టినదో తెలిసికొనవలెనని ఆనాడే తోచినది.

కంప్యూటరు చరిత్ర తొలినాళ్లలో సమస్య దీనికి తలక్రిందులుగా నుండెను. యంత్రములు అరుదు, పని గలవారు అనేకులు. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున ఫెర్నాండో కొర్బాటో బృందము, ఒకే యంత్రమును పలువురు ఒక్కమాఱే వాడుకొను పద్ధతిని చూపెను. నీరు తక్కువైన యేట చెఱువు క్రింది రైతులు వంతుల వారీగా మళ్లు తడుపుకొన్నట్లు, యంత్రపు కాలమును చిన్న తునకలుగా చేసి అందఱికిని పంచిరి. 1968లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్ ఫ్రాన్సిస్కో సభలో మౌసును ప్రదర్శించెను. 1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు వెలువడినది. పిమ్మట యంత్రములు బల్లల మీదికి వచ్చి, అల్మారాలు నిండి, ఒక్క మనిషి పది యంత్రములను కనిపెట్టవలసిన కాలము వచ్చినది. ఇప్పుడు కొఱత చేతులకే.

మొదట త్రిప్పుడు మీట గల పెట్టెలు వచ్చినవి. అవి తీగను ఒక యంత్రము నుండి తప్పించి మఱియొకదానికి తగిలించునవి మాత్రమే. అందొక చిక్కు కలదు. నాటి కంప్యూటరు మేల్కొనగానే తన కీబోర్డును వెదకును. కానరాకున్న పని మానును. కీబోర్డు లేదని చెప్పి, సాగుటకు ఒక మీట నొక్కుమని కోరుట కూడ కలదు! లేని కీబోర్డుపై మీట యెట్లు నొక్కుదుము? 1987లో వచ్చిన పి.ఎస్.2 తీగలును, యంత్రము నడచుచుండగా ఊడదీసి తగిలించుటకై యేర్పడినవి కావు.

కాబట్టి పెట్టెలో చిన్న మెదడు నుంచిరి. చేతులు ఒక యంత్రము వద్ద నున్నను, రెండవదానికి అది “నీ కీబోర్డు ఇచ్చటనే యున్నది” అని బదులు చెప్పుచుండును. 1994 నుండి మానిటరు తన కొలతలను తీగ ద్వారా కంప్యూటరునకు తెలుపుట మొదలిడగా, మంచి పెట్టెలు ఆ సమాధానమును గూడ నేర్చినవి. కీబోర్డు, వీడియో, మౌసు అను మూడు మాటల తొలి యక్షరములతో కె.వి.ఎం. అను పేరును 1995లో సైబెక్స్ సంస్థాపకుడు రెమిజియస్ షటాస్ పెట్టెను. 2001లో వచ్చిన సినర్జీ వంటి ప్రోగ్రాములకు పెట్టెయు నక్కఱలేదు. ప్రతి యంత్రమునకు సొంత మానిటరున్నచో, కీబోర్డు మౌసుల పని నెట్‌వర్కు మీదుగా ఒకదాని నుండి మఱియొకదానికి పోవును.

ఇంత నేర్పును యంత్రమునకు తన్ను విడిచిరని తెలియకుండుటకై వెచ్చించిరి. మనిషికి తానెచ్చట నున్నాడో తెలుపుటకు నా పెట్టెపై నున్నది ఒక్క చిన్న దీపము. ఈ విషయమున పాత రైల్వే పద్ధతి నాకు మేలనిపించును. ఒంటి దారిపై బండ్లు నడచినచోట, రెండు స్టేషన్లలో నీల్ గుండు యంత్రములు జతగా నుండెడివి. ఒక యినుప గుండు వెలికి వచ్చిన పిదప, అది తిరిగి యంత్రమును చేరువఱకు ఏ వైపునను మఱియొకటి రాదు. గుండు తనకు చేరనిదే డ్రైవరు బండిని కదలింపడు. దారి తనదగుట అతనికి కంటికి కనబడుచుండెను.

నేను గుండును తేలేనుగాని, పాత యంత్రపు తెరకు పసుపు రంగును, కొత్తదానికి నీలి రంగును వేసితిని. తూకము వ్రాసిన పిదప పేరును అంకెను రైతు వినునట్లు బిగ్గరగా చదివి, అతడు తల యూపిన పిమ్మటనే మీట నొక్కుచుంటిని. దానివలన పని కొంత ఆలస్యమైనది. వర్తకుడు విసుగుకొనెను. రైతులు మాత్రము విసుగుకొనలేదు.