పుడకలకు ముందే

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని సామెత. పిసినారి షావుకారు మీదో, మాట నిలుపుకోని బావమరిది మీదో వాడినంతసేపు అది నవ్వులాటే. ఊరు దాన్ని దళిత వాడ మీదికి తిప్పినప్పుడు నవ్వు పోతుంది. అక్కడ బుద్ధి ఒక మనిషిది కాదు, కులం మొత్తానికి అంటగట్టినది. తాగుడైనా, చచ్చిన గొడ్డు మాంసం తినడమైనా గతిలేక అబ్బిన అలవాటని ఎవరూ అనరు, జాతి గుణమంటారు. ఉప్పునుంతల, అచ్చంపేట, నాగర్‌కర్నూలు ప్రాంతంలో క్రైస్తవం ఎలా వేరూనిందో చెప్పాలంటే ఈ సామెత దగ్గరే మొదలుపెట్టాలి. అక్కడికి వచ్చిన బోధ సరిగ్గా దీనికే ఎదురు చెప్పింది. ఆ బుద్ధి పుడకల దాకా ఆగనక్కర్లేదు, మనిషి బతికుండగానే అది చావొచ్చు; దాన్ని చంపేది మనిషి పట్టుదల కాదు, విశ్వసించినవాడికి ఊరికే దొరికే దేవుడి కృప. మనుషులంతా పుట్టు పాపులేనన్న మాట చెవికి కఠినంగానే ఉంటుంది. పాలమూరు వాడలకు మాత్రం అది సమానత్వపు మాటగా వినిపించిందని నా వాదన.

ఉప్పునుంతల దుందుభి పరీవాహకపు మండలం; డిండి వాగన్నా అదే. 2016 అక్టోబరు దాకా జనం పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 1948 దాకా నిజాం ఏలుబడిలో. దానికి పడమట నాగర్‌కర్నూలు, ఈశాన్యాన దేవరకొండ, రెండూ మెన్నొనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మిషన్ కేంద్రాలే. ఆ మిషన్ దొరలకు తెల్ల పాలకులతో చుట్టరికం లేదు. దక్షిణ రష్యాలో, అంటే నేటి ఉక్రెయిన్‌లో, గోధుమ పండించుకున్న జర్మన్ భాషా రైతుల సంతానం వాళ్లు. 1889లో అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చి మరుసటి ఏడు నల్లగొండలో దిగాడు. అమెరికాకు వలసపోయిన శాఖ నుంచి 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ వచ్చాడు, 1904లో వచ్చిన డి.ఎఫ్. బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలులో కేంద్రం పెట్టి దశాబ్దాల పాటు పనిచేశాడు. ఈ పేర్లకన్నా వాళ్ల ఇంటి గొడవ మనకు ముఖ్యం. 1860 జనవరి 6న రష్యాలోని మొలోచ్నా కాలనీలో 18 మంది ఇంటిపెద్దలు సంతకాలు చేసి పాత సంఘం నుంచి విడిపోయారు. మెన్నొనైట్ కడుపున పుడితే చాలు మెన్నొనైట్ అయిపోతున్నారనీ, నడతతో ఎవరికీ పని లేకుండా పోయిందనీ వాళ్ల ఫిర్యాదు. విశ్వాసం వారసత్వంగా రాదు, ఎవరికి వారు మారుమనస్సు పొంది నీళ్లలో మునగాల్సిందేనన్నారు. మన భాషలో చెప్పుకుంటే, మతం కులంగా గడ్డకట్టిన చోట తిరగబడ్డవాళ్లు వీళ్లు. పుట్టుకే అన్నీ తేల్చే పాలమూరుకు వీళ్లే రావడం కాకతాళీయం కావచ్చు. వాళ్లు మోసుకొచ్చిన ప్రశ్న మాత్రం ఇక్కడ అప్పటికే ఉంది.

మాటలను చూస్తే అది తెలుస్తుంది. విశ్వాసి వదిలెయ్యాల్సినదాన్ని పౌలు గ్రీకులో 'పాత మనిషి' అన్నాడు. వాడుకలో ఉన్న తెలుగు బైబిల్లో అది 'ప్రాచీన స్వభావము' అయింది. అనువాదకులు మనిషి ఉన్న చోట స్వభావాన్ని పెట్టడంతో, తెలిసో తెలియకో, మన దేశపు పాత వ్యాజ్యంలో వేలు పెట్టినట్టయింది. స్వభావం నుంచి పుట్టిన గుణాలను బట్టే నాలుగు వర్ణాల పనులూ పంచి ఉన్నాయని గీత పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది. మాదిగ గూడెంలో గీత ఎవరు చదివారని అడగొచ్చు. చదవనక్కర్లేదు, అక్కడికి ఆ శాస్త్రం సామెతగా దిగుతుంది. ప్రచారకుడు చెప్పిన మాట ఈ రెంటికీ అడ్డొచ్చింది. చెడిన స్వభావం దొరకూ ఉంది, కరణానికీ ఉంది, చెప్పులు కుట్టేవాడికీ ఉంది. ఆదాము సంతానంలో ఎవరికీ మినహాయింపు లేదు. అసలే అంటరానివాళ్లని తోసేసినవాళ్లను పాపులని కూడా అనడం పుండు మీద కారం కాదా? కాదనే అనుకుంటాను. మైలకు మెట్లున్నాయి, ఎవరి నీడ ఎవరికి అంటుతుందో దానికి లెక్క ఉంది. ఈ పాపానికి అలాంటి లెక్క లేదు. దొరను కూడా తనతో పాటు బోనులో నిలబెట్టిన మాటను వాడ అవమానంగా తీసుకోకపోవడంలో వింతేమీ లేదు.

ఇక బాప్తిస్మం. ఇక్కడి పద్ధతి చిలకరించడం కాదు, ముంచడం. కోరినవాళ్లు ముందు సంఘం ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యానికి ఒక నడక ఉంటుంది: అంతకుముందు నేను ఇలా ఉండేదాన్ని, ప్రభువు నన్ను ముట్టాడు, ఇప్పుడు ఇలా ఉన్నాను. తర్వాత చెరువులోనో వాగులోనో నడుం లోతుకు దిగుతారు. పాస్టరు ఒక చెయ్యి వీపు కింద పెట్టి, ఛాతీ మీద ముడుచుకున్న చేతులను రెండో చేత్తో పట్టుకుని, వెల్లకిలా వాల్చి, నీళ్లు ముఖాన్ని కమ్మేదాకా ముంచి లేపుతాడు. ముంచడం పాతిపెట్టడానికి గుర్తు. సామెతలో పుడకలు చేసే పని ఇక్కడ నీళ్లు చేస్తాయి. మైల స్నానం ఎన్నిసార్లు చేసినా మళ్లీ చెయ్యాల్సిందే, చేసినవాడి కులం నీళ్లలో కరగదు, బాప్తిస్మం జన్మకొక్కసారి. ఈ నీళ్ల కోసమే ప్రాణాలు పోయిన సంగతి కూడా ఉంది: పెద్దయ్యాక తీసుకున్న బాప్తిస్మమే చెల్లుతుందన్నందుకు మెన్నొనైట్లకు పూర్వీకుడనదగ్గ బోధకుడు ఫెలిక్స్ మాంజ్‌ను 1527లో జ్యూరిక్ పెద్దలు లిమ్మాత్ నదిలో ముంచే చంపారు. నీళ్లలోంచి లేచాక కొందరికి పేరు కూడా మారుతుంది. కృపావరం, కృపానందం లాంటి పేర్లు తెలుగు క్రైస్తవుల్లో ఎందుకంత విరివిగా ఉన్నాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కృప ఉచితమంటూనే ఇన్ని ఆంక్షలేమిటన్నది గట్టి అభ్యంతరం. కల్లు ముట్టొద్దు, తాయెత్తు కట్టొద్దు, జాతరలో డప్పు కొట్టొద్దు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. పైకి చూస్తే ఇది క్రియల మతమే. కానీ వెట్టి రాజ్యంలో కృప అన్న మాట ఎలా వినపడి ఉంటుందో ఆలోచించాలి. వెట్టి అంటే కూలి లేని పని. కృప పని అడగని కూలి. పౌలు కూడా రోమీయులకు రాసిన పత్రికలో కూలికీ కృపకూ ఉన్న తేడాతోనే వాదించాడు. ముందే అందినదానికి తర్వాత వచ్చేది నడత, అంతే. పైగా ఆ ఆంక్షలను ఒక్కొక్కటిగా విప్పి చూడండి. చచ్చిన గొడ్డును ఈడ్చడం మాదిగల విధి, తోలూ మాంసమూ అందుకు ముట్టే ప్రతిఫలం. మాంసం తిననన్నవాడు రేపు గొడ్డును ఈడ్చనూ అనగలడు. డప్పు కొట్టననడం కూడా పుట్టుకతో మెడకు పడ్డ పనిని దించుకోవడమే. అయితే అన్నిటినీ సమర్థించలేను. డప్పును దయ్యాల పాలు చెయ్యడంతో ఒక గొప్ప విద్య చిన్నబోయింది. బీడీ తాగినవాడిని నిలదీసిన సంఘాలు వడ్డీకి తిప్పినవాడిని అంత గట్టిగా నిలదీశాయా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

గంజి కోసం మతం మారారన్న మాట ఇంకా పాతది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ పనీ సహాయమూ సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చింది ఆ తర్వాతే. ఒంగోలు మాదిగల ఉద్యమానికి మొదటి కొమ్మ అయిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లోనే, కరువుకు పదేళ్ల ముందే, బాప్తిస్మం పొందాడు. అప్పటికే ఆయన రాజయోగం సాధన చేస్తున్న తోళ్ల వ్యాపారి. ఒంగోలు పాలమూరు కాదు, నిజమే. కానీ గూడెంలో ముక్తి గురించిన వెతుకులాట ఆకలితో మొదలు కాలేదనడానికి ఈ సాక్ష్యం చాలు. స్వాతంత్ర్యం తర్వాత లెక్క ఇంకా తిరగబడింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ జాబితాలో లేకుండా పోయాడు. రాష్ట్రంలో తర్వాత బీసీ–సిలో 1 శాతం రిజర్వేషన్ దగ్గర నిలబడ్డాడు. అప్పట్నుంచి విశ్వాసం బయటికి చెప్పుకోవడం నష్టం బేరమే.

చర్చిలో కూడా మాల, మాదిగ తేడాలు పోలేదు కదా, మరి పాత స్వభావం చచ్చిందెక్కడ అంటే నోరు మూతపడుతుంది. ఈ చిక్కును బాగా తడిమినవాడు మెన్నొనైట్ మిషన్ బిడ్డే. 1932లో శంషాబాదులో పుట్టి మానవశాస్త్రవేత్త అయిన పాల్ హీబర్ట్ పాలమూరు పల్లె కొండూరు మీద 1971లో పుస్తకం తెచ్చాడు. 1978లో ఒక వ్యాసంలో, పాపయ్య అనే కల్పిత రైతును నిలబెట్టి, చదువురాని ఆ మనిషి పొలం నుంచి వచ్చి ఒక్కసారి సువార్త వింటే క్రైస్తవుడు కాగలడా అని అడిగాడు. కంచె లోపలున్నాడా బయటున్నాడా అని చూస్తే జవాబు దొరకదు, ఎటు తిరిగి నడుస్తున్నాడో చూడాలన్నాడు. నాకిది ఒప్పుదలే. కానీ దిక్కును చూడటానికి కూడా మనిషి ఎక్కడ బయల్దేరాడో తెలియాలి. నాలుగో తరం వచ్చేసరికి పాలమూరులో క్రైస్తవం మొలోచ్నాలో లాగే పుట్టుకతో వస్తోంది. పదహారేళ్ల పిల్ల ఈరోజు బాప్తిస్మానికి ముందు సాక్ష్యం చెప్పడానికి లేస్తుంది. కల్లు ముట్టి ఎరగదు, చచ్చిన గొడ్డు మాంసం పేరే వినలేదు, తాయెత్తు కట్టుకోలేదు. ముత్తవ్వ చెప్పిన నడకలోనే మొదలుపెట్టి, 'అంతకుముందు నేను' అన్న చోట కాసేపు ఆగుతుంది.