గణిత చిహ్నాల ఇంగ్లీషు పేర్లు

గణిత క్రియలను, సంబంధాలను సూచించే గుర్తులను గణిత చిహ్నాలు అంటారు. చిహ్నాలు చాలావరకు ప్రపంచమంతటా ఒకటే అయినా, వాటిని చదివే మాటలు భాషను బట్టి మారతాయి.

కొన్ని పేర్లు
+ : కూడిక, సంకలనం, ఇంగ్లీషులో ప్లస్
− : తీసివేత, వ్యవకలనం, ఇంగ్లీషులో మైనస్
√ : వర్గమూలం, ఇంగ్లీషులో స్క్వేర్ రూట్
∞ : అనంతం, ఇంగ్లీషులో ఇన్ఫినిటీ

ప్లస్, మైనస్ లాటిన్ పదాలు. వీటి అర్థాలు "ఎక్కువ", "తక్కువ". × ను భారతదేశంలో "ఇంటూ" అనీ, బ్రిటన్, అమెరికాలలో "టైమ్స్" అనీ చదువుతారు. = చిహ్నాన్ని 1557లో వేల్స్‌కు చెందిన రాబర్ట్ రికార్డ్ ప్రవేశపెట్టాడు.

చదివే క్రమం
ఇంగ్లీషులో చిహ్నం పేరు రెండు సంఖ్యల నడుమ వస్తుంది. 3 < 5 ను "త్రీ ఈజ్ లెస్ దేన్ ఫైవ్" అంటారు. తెలుగులో "మూడు ఐదు కంటే తక్కువ" అని సంబంధాన్ని చివర చెబుతారు. భిన్నాలలో వరుసే తారుమారవుతుంది. 3/4 ను తెలుగులో హారంతో మొదలుపెట్టి "నాలుగింట మూడు వంతులు" అంటారు. ఇంగ్లీషులో లవంతో మొదలుపెట్టి "త్రీ బై ఫోర్" అంటారు. పేర్లు మాత్రమే కంఠస్థం చేసి, ఈ తేడాను గమనించని విద్యార్థి 4/3 అని రాసే ప్రమాదముంది.

గిరిజన ప్రాంతాలలో
గూడెం కొత్తవీధి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ ప్రాంతంలో ఉంది. ఈ ఏజెన్సీలో కువి, ఆదివాసీ ఒడియా మాతృభాషలుగా గల పిల్లలకు బడిలోని తెలుగే రెండవ భాష, ఇంగ్లీషు మూడవది. 2020-21లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎదురెదురు పుటలలో తెలుగు, ఇంగ్లీషు పాఠాలు గల పుస్తకాలను ప్రవేశపెట్టింది. వీటిలో ఒకే చిహ్నాన్ని రెండు భాషల వాక్యాలలో పోల్చి చూడవచ్చు. ఇంటి భాషలో ఆ చిహ్నాన్ని ఎలా చదవాలో చెప్పవలసిన పని మాత్రం ఉపాధ్యాయునిదే.