బొగ్గు బొమ్మలో మనిషి: రెడోన్ నుంచి మన ఇంటి పెట్టె దాకా

ఓడిలాన్ రెడోన్ (1840–1916) ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో పుట్టిన చిత్రకారుడు. ప్రతీకవాద చిత్రకారుల్లో ముఖ్యుడు. దాదాపు యాభై ఏళ్లు వచ్చేదాకా ఆయన ప్రధానంగా బొగ్గుతో, రాతి అచ్చుతో నలుపు తెలుపు బొమ్మలే వేశాడు. వాటిని 'నలుపులు' అని పిలిచేవాడు.

ప్రతీకవాదం అనే పేరు 1886లో కవి జాఁ మొరెయాస్ పారిస్‌లో వెలువరించిన ప్రకటనతో స్థిరపడింది. కంటికి కనిపించేదాన్ని ఉన్నదున్నట్టు చూపడం ఈ చిత్రకారుల లక్ష్యం కాదు. భయం, కల, ఒంటరితనం వంటి లోపలి సంగతులకు రూపం ఇవ్వడమే వారి పని. రెడోన్ 1881లో గీసిన 'కాక్టస్ మనిషి'లో కుండీలోంచి ముళ్లు మొలిచిన మనిషి తల పైకి వస్తుంది. 1891 నాటి 'కవచం'లో ముళ్ల తొడుగు ఆ మనిషి నోటిని మూసేస్తుంది. ఇది న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఇలాంటి బొమ్మకు బొగ్గు బాగా ఒదుగుతుంది. గాలి ఎక్కువగా తగలకుండా కాల్చిన సన్నని పుల్లే చిత్రకారుడి బొగ్గు. వేలితో రుద్దితే నీడ వస్తుంది, తుడిస్తే వెలుగు వస్తుంది. రెడోన్ కాగితాన్ని ముందు నల్లగా నింపి, అందులోంచి తెలుపును బయటికి తీసేవాడు. బొగ్గు రాలిపోకుండా ఫిక్సేటివ్ అనే జిగురు ద్రవం చల్లేవాడు.

మనిషిని చూసి గీసే సాధన మన నగరంలోనూ సాగింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ స్థాపించిన మద్రాసు కళాశాలకు 1929 నుంచి దేవీప్రసాద్ రాయ్ చౌధురి అధిపతిగా ఉన్నారు. మెరీనాలోని శ్రామికుల విగ్రహం ఆయనదే. అంట్యాకుల పైడిరాజు, ఎం. రెడ్డెప్ప నాయుడు, ఎస్.వి. రామారావు వంటి తెలుగువారు ఆ కళాశాలలోనే చదువుకున్నారు.

మైలాపూరులోని పాత తెలుగు ఇళ్లలోనూ తాతలు, పెదనాన్నలు గీసిన బొగ్గు బొమ్మలు ట్రంకు పెట్టెల్లో ఉండవచ్చు. వాటిని గుడ్డతో తుడవకండి, చుట్టకండి, లామినేషన్ చేయించకండి. ప్లాస్టిక్ కవరు బొగ్గు పొడిని లాగేస్తుంది. ఫ్రేము కట్టిస్తే అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంటు బోర్డు పెట్టించండి. సముద్రపు గాలి తేమ పట్టే గోడకు, ఎండ పడే గోడకు తగిలించకండి.

కాగితం వెనుక నొక్కి రాస్తే బొగ్గు చెదురుతుంది. గీసినవారి పేరు, బొమ్మలోని మనిషి ఎవరు, ఏ సంవత్సరం అన్నది వేరే కాగితం మీద రాసి జతచేయండి. సంతకం తెలుగులో ఉంటే పక్కనే తమిళంలోనో ఇంగ్లిషులోనో కూడా రాయండి. తెలుగు చదవడం రాని మనవళ్ల చేతికి వెళ్లాక, ఆ ముఖం ఎవరిదో చెప్పేది ఆ చీటీ ఒక్కటే.