రెండు గొలుసులు

సివిల్ విద్యార్థులు ఇప్పటికీ ట్రైపాడ్ భుజానేసుకుని ఎండలో కాలేజీ ఆవరణంతా తిరుగుతుంటారు. తక్కిన బ్రాంచీలవాళ్ళకు అదో వేడుక. కానీ మన దేశంలో ఇంజనీరింగ్ చదువు మొదలైందే ఆ నడకతో. 1794లో మద్రాసు సెయింట్ జార్జి కోట దగ్గర 8 మందితో సర్వే బడి పెట్టారు. నడిపించిన మైకేల్ టాపింగ్ కృష్ణా, గోదావరి ముఖద్వారాలు కొలుస్తూ తిరిగి, 1796లో మచిలీపట్నంలో కన్నుమూశాడు. ఈస్టిండియా కంపెనీకి నేల కొలత కావాలి. కాబట్టి తొలి పాఠం గొలుసు పట్టడం.

తర్వాతి పాఠాన్ని కరువు రాసింది. గంగా కాలువ తవ్వడానికి మనుషులు కావలసివచ్చి 1847లో రూర్కీ కాలేజీ పుట్టింది. అంతకుముందే డొక్కల కరువు దెబ్బ తిన్న గోదావరి సీమలో ఇంజనీరు కాటన్ అదే ఏడు ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి ముగించాడు. ఇసుకలో పునాది నిలబెట్టే కిటుకు కావేరి మీది పాత ఆనకట్ట కల్లణై కట్టినవాళ్ళ దగ్గర నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. మద్రాసు సర్వే బడి 1858లో సివిల్ ఇంజనీరింగ్ బడి అయింది. అదే నేటి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ.

ఆ తర్వాత వరద పాఠం చెప్పింది. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచేసింది. పుణెలో చదివిన విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. నదికి గట్లు పోస్తే చాలదు, వాన పడిన చోటే నీటిని పట్టి ఆపాలన్నది ఆయన లెక్క. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. కట్టే పద్ధతులూ మారుతూ వచ్చాయి. 1925లో మట్టి బలం గురించి టెర్జాగీ రాసిన పుస్తకంతో మట్టి కూడా శాస్త్రమైంది. గానుగ సున్నం స్థానాన్ని సిమెంటు ఆక్రమించింది.

కాలేజీలు మనవైపు వచ్చింది ఈ మలుపులోనే: 1929లో ఉస్మానియా, 1946లో విశాఖలో మొదలై కాకినాడ చేరిన కాలేజీ, గిండీలో పుట్టి అనంతపురం వచ్చిన మరొకటి, 1959లో వరంగల్. 1944 నాటికి గిండీ నుంచి ఇద్దరు మహిళలు సివిల్ పట్టా పుచ్చుకున్నారు. గిండీలో చదివిన కె.ఎల్. రావు పేరు నాగార్జునసాగర్‌తో ముడిపడిపోయింది. 1955లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట యంత్రాలకన్నా మనుషుల చేతులను నమ్ముకుని లేచిన రాతి కట్టడం.

1962లో భూకంప కోడ్, 1978లో కొత్త కాంక్రీటు కోడ్ వచ్చాయి. మామూలు బరువుకు కడ్డీ ఎంత ఓర్చుతుందని చూసే పాత పద్ధతి పోయి, బరువును ఒకటిన్నర రెట్లు చేసి, అప్పటికీ కూలకుండా నిలుస్తుందా అని చూసే పద్ధతి పాఠమైంది. స్లైడ్ రూల్ క్యాలిక్యులేటర్‌కు, అది సాఫ్ట్‌వేర్‌కు చోటిచ్చాయి. గొలుసు, థియోడలైట్ చేసే పని ఇప్పుడు టోటల్ స్టేషన్ ఒక్కటే చేస్తుంది. తొందరపడనిది కాంక్రీటు ఒక్కటే: నాడూ నేడూ క్యూబు అసలు పరీక్షకు 28 రోజులు ఆగాల్సిందే.

వెనక్కి చూస్తే, ఈ సిలబస్‌లో చాలా పాఠాలు ఏదో ఒక దెబ్బ తిన్నాక చేరినవే. దెబ్బ తగలకముందే చేరాల్సిన పాఠం ఒకటుంది. రామప్ప, పాకాల చెరువులు కాకతీయుల నాటి నుంచి పంటకు నీళ్ళిస్తున్నాయి. పైచెరువు అలుగు పారి కిందిచెరువు నిండే గొలుసుకట్టు మన నేల ఎరిగిన పాత విద్య. పాఠ్యపుస్తకాల్లో దానికి దక్కిన చోటు మాత్రం చిన్నది. అలుగు దారి మూసి లేఅవుట్ వేసిన చోట వాన కురిసిన రాత్రి నీరు తన పాత దారి వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తోంది. ఆ లేఅవుట్ ప్లాను గీసిందీ పట్టా ఉన్న చేయే.

సర్వే క్యాంపును ఈసారి ఊరి చెరువు దగ్గర పెట్టండి. కట్ట, తూము, అలుగు పిల్లల చేత కొలిపించండి. మొదటి గొలుసుతో నేల కొలవడం నేర్పాం. రెండో గొలుసును తెంపకుండా ఉండడం కూడా నేర్పాలి.