ఒక్క పంతులు, అయిదు తరగతులు

బడి అనగానే ఏలూరు, తాడేపల్లిగూడెంలో ఉండే మనకి తరగతికో టీచరు కళ్ళముందు మెదులుతారు. కాని కొల్లేటి లంకల్లాంటి చిన్న ఊళ్ళ సంగతి వేరు. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతులకీ ఒక్క పంతులుగారే. ఆయనకి జ్వరమొస్తే ఆ రోజు చదువు సున్నా!

1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం, ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లుండాలనీ, వీలైనంతవరకు ఒకరు స్త్రీ కావాలనీ చెప్పింది. 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో బడిలోనే వేడి అన్నం వండి పెట్టసాగారు. 2010లో అమలైన విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల వరకూ ఇద్దరు, 90 వరకూ ముగ్గురు టీచర్లని లెక్క కట్టింది.

2022లో 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్ళలో కలిపేసరికి చాలా బళ్ళలో 1, 2 తరగతులే మిగిలాయి. 2025లో ఆ ఉత్తర్వు రద్దయింది.

తలలు లెక్కపెడితే చిన్న ఊరెప్పుడూ ఓడిపోతుంది. తరగతులు లెక్కపెట్టాలి. మన గుమ్మంలోకి చేపలు తెచ్చే తల్లి పిల్లలదీ అదే చదువు కదా! బడి కమిటీలో సగం మంది స్త్రీలుండాలని ఆ చట్టమే అంటోంది. అన్నం ఉడికిందా అని అడిగినట్టే, రెండో టీచరేరీ అని కూడా మనం అడగాలి.